కోడలి పేరున్న ట్యూబు

కిడ్నీ పెట్టించుకునేది తాళాల మేస్త్రి ఒక్కడే. సంతకాలు మాత్రం ఇంట్లో నలుగురూ పెట్టవలసి వచ్చింది. మేస్త్రి, ఆయన భార్య, డెలివరీ వ్యాను నడిపే కొడుకు, పెళ్ళై ఏడాది తిరగని కోడలు. ఆసుపత్రిలో ఒక ఇరుకు గదిలో నలుగురినీ కూర్చోబెట్టి నిఘా డాక్టరు ఓపిగ్గా చెప్పింది. ఆమె ఆపరేషన్లు చేసే డాక్టరు కాదు. పంది అవయవాన్ని మనిషికి పెట్టినప్పుడు, పందిలో దాగిన రోగమేదైనా ఆ మనిషికీ, అతని నుంచి ఇంట్లోవాళ్ళకీ, అక్కడి నుంచి ఊరికీ పాకకుండా కాపలా కాయడం ఆమె పని. మేస్త్రి ఇక ఎన్నడూ ఎవరికీ రక్తం ఇవ్వకూడదు. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఫోను చెయ్యాలి. నెలనెలా నలుగురి రక్తమూ పరీక్షకి వెళ్ళాలి. అది ఏడాదికో రెండేళ్ళకో తీరిపోయేది కాదు, ప్రాణం ఉన్నంతకాలం.

“ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. మధ్యలో మానేస్తామంటే కుదరదు,” అంది డాక్టరు.

కోడలికి సూది అంటే ప్రాణభయం. చిన్నప్పుడు టీకాలు వేసే రోజున బడి గోడ దూకి పారిపోయిన పిల్ల. మామగారు కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టక, మడమలు బయటికే ఉన్నాయి. ఆమె ఆ మడమల్ని చూస్తూ సంతకం పెట్టేసింది. ఆ రోజు ఆమె పేరున తీసిన రక్తం మాత్రం ఆమెదే. మంచం మీద పడుకోబెట్టి ఇద్దరు నర్సులు పట్టుకుంటే తీశారు.

పక్క గదిలో అవే మాటలు ఇంకో కుటుంబం వింటోంది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకునే వార్డులో ఆయనవీ మేస్త్రివీ పక్కపక్క కుర్చీలు. యంత్రానికి కట్టేసినట్టు గంటల తరబడి కూర్చోవాలి కాబట్టి మాటలు కలిశాయి, మాటలు కలిశాక వరస కలిసింది. మేస్త్రి ఆయన్ని ‘కుర్చీ బావా’ అని పిలిచేవాడు. ఆ పేరే రెండిళ్ళల్లోనూ స్థిరపడిపోయింది. ఇద్దరికీ ఇంట్లోవాళ్ళ కిడ్నీలు సరిపడలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళ కిడ్నీ కోసం పడిగాపులు పడి ఇద్దరూ విసిగిపోయారు. కుర్చీ బావకి ఇంకో చిక్కు కూడా ఉంది. సూది గుచ్చడానికి పనికొచ్చే నరాలు ఆయన ఒంట్లో ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఆఖరిది కూడా మూసుకుపోతే యంత్రం ఉన్నా లేనట్టే.

మొదటి ఆపరేషన్ మేస్త్రికి, రెండోది కుర్చీ బావకి. అయితే రెండింటికీ నడుమ ఒక నిబంధన అడ్డంగా నిలబడి ఉంది. మేస్త్రి ఇంట్లో నలుగురి రక్తమూ ఆరు నెలల పాటు చూసి, మనిషి నుంచి మనిషికి ఏదీ పాకడం లేదని తేల్చుకోవాలి. అప్పుడే రెండో మనిషిని ముట్టుకుంటారు.

“కథల్లో రాక్షసుడి ప్రాణం చిలకలో ఉంటుంది. నా ప్రాణం మీ ఇంట్లోవాళ్ళ నెత్తుట్లో పెట్టి తాళం వేశారు బావా,” అన్నాడు కుర్చీ బావ. “నీది తాళాల పనేగా, చూసుకో.”

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజున మేస్త్రి బాత్రూములోంచి గోడ పట్టుకుని బయటికి వచ్చి, భార్య చెవిలో ఒక మాట చెప్పాడు. ఇంట్లో బిడ్డ పుట్టిందని చెప్పే మనిషిలా ఉంది ఆయన ముఖం. ఏళ్ళ తర్వాత ఆయనకి ఒంటేలు ధారగా వచ్చింది.

ఇంటికి వచ్చాక కుర్చీ బావ ఫోను చేసి ఆ పంది సంగతులన్నీ అడిగాడు. అది పుట్టి పెరిగింది గాలి కూడా వడకట్టి వదిలే భవనంలోననీ, దానికి తిండి పెట్టేవాళ్ళు తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే గానీ లోపలికి పోనివ్వరనీ మేస్త్రి చెప్పాడు. “అయితే మనకంటే మడిగా పెరిగిందన్నమాట. ఇకమీదట నిన్నెవరైనా పంది అని తిడితే పొగిడారనుకో,” అన్నాడు అవతలివాడు. మేస్త్రి నవ్వబోయి, కుట్లు లాగుతుంటే కడుపు పట్టుకున్నాడు. అది ఆడదో మగదో తనకెవరూ చెప్పలేదన్న సంగతి మాత్రం ఆయన భార్యతో అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాని ఊసెత్తలేదు.

నెల తిరిగేసరికి నర్సు చల్లటి పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చింది. ఎవరి చేతిలోంచి రక్తం వస్తోందో తన కళ్ళతో చూసి, ట్యూబు మీద అప్పటికప్పుడు పేరు అంటించాలని ఆమెకి ఆజ్ఞ. మేస్త్రీ, కొడుకూ, అత్తా ఇచ్చారు. కోడలు కుర్చీలో కూర్చుని చేయి చాపింది. సూది దగ్గరికి రాకముందే కళ్ళు తేలేసి పక్కకి ఒరిగి, చెప్పుల స్టాండుకి కణత కొట్టుకుంది. రక్తం వచ్చింది, కానీ రావలసిన చోటునుంచి కాదు. నర్సు కంగారుపడి గాయానికి కట్టు కట్టింది. ఆమెకి ఇంకా మూడిళ్ళు తిరగాల్సి ఉంది. అదీ గాక ఆమెది మెత్తటి మనసు.

అత్త, తన పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొడుకు పుట్టేదాకా రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీసిన మనిషి. పసిపిల్లల చేతుల్లో కూడా నరం దొరకబుచ్చుకునేది. ఆ సంగతి చెప్పి, పిల్లని లోపల పడుకోబెట్టి తనే తీసిస్తానంది. సిగ్గుపడుతోంది, నువ్వు గుమ్మం దగ్గర ఉండు చాలు అంది. నర్సు ఒక్క క్షణం తటపటాయించి సూదీ ట్యూబూ అత్త చేతికిచ్చింది.

గదిలో కోడలు మంచం మీద ముడుచుకుని ఉంది. చేతులు మంచులా ఉన్నాయి. అత్త దూదితో ఆ మోచేతి మడత తుడిచింది, పట్టీ బిగించింది. ఆ పిల్ల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, కణత మీద కట్టు ఎర్రబడింది. అత్త కాసేపు ఆ ముఖం వంక చూసింది. పట్టీ విప్పింది. తన ఎడమ చేతి జాకెట్టు పైకి లాక్కుని, పట్టీ కొస పళ్ళతో పట్టుకుని బిగించి, తన నరంలోకే సూది దించుకుంది. అంతకుముందు నర్సు ఆమెకి గుచ్చింది కుడి చేతికి. ట్యూబు నిండాక దూది ముక్క కోడలి చేతికి అంటించింది.

“మనిద్దరిదీ ఒకటే గ్రూపు. ఇంట్లో వండింది ఒకటే, తిన్నది ఒకటే. వాళ్ళు వెతికే రోగం ఉంటే నాలో ఉండదా?” అని గొణిగి, ట్యూబు తీసుకుని బయటికి నడిచింది.

కోడలు వద్దనలేదు. భయం తీరిన హాయిలో అది తప్పన్న ఆలోచన కూడా రాలేదు. ఆ పై నెల నర్సు అడక్కుండానే ట్యూబు అత్త చేతికిచ్చింది. ఆ తర్వాత అది ఆ ఇంటి పద్ధతి అయిపోయింది. గది తలుపు దగ్గరికి వేసి ఉండేది. లోపల కోడలు గోడవైపు తిరిగి పడుకునేది. అత్త రెండు చేతుల మీదా చిన్న చిన్న నీలి మచ్చలు లేచాయి. మేస్త్రి చూసి అడిగితే, వయసు మీద పడుతోందిగా, తగిలితే కందిపోతోంది అంది.

ఐదో నెలలో నిఘా డాక్టరు నర్సుని పంపకుండా తనే వచ్చింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది. పందిలో ఉండే వైరస్ ఒకటి, ఎన్ని జాగ్రత్తలు పడినా ఎక్కడో తప్పించుకుందనీ, దాని జాడ ఈ ఇంట్లో ఇద్దరి రక్తంలో కనిపించిందనీ చెప్పింది. ఒకరు అత్త. రెండోవారు కోడలు. మేస్త్రి రక్తంలో పైకి కనబడకపోయినా, అది ఆ కిడ్నీలోనే దాగి ఉండాలంది.

“ఒక్కరిలోనే కనిపిస్తే ఇంత కంగారు లేదు. రోజూ ఆయన ఇంకా మానని గాయం కడిగి కట్టు కట్టే మనిషి, అంటుకుంది అనుకుంటాం, కనిపెట్టి ఉంటాం,” అంది. “ఇద్దరిలో కనిపిస్తే మనిషి నుంచి మనిషికి పాకుతోందనుకోవాలి. అన్నీ ఆపేశాం.”

“మరి మా కుర్చీ బావ?” అన్నాడు మేస్త్రి. తన సంగతి అడగలేదు.

ఆపేశాం అంటే అదీ ఆగినట్టేనంది డాక్టరు. తర్వాత కోడలి వైపు తిరిగి ఒక్కొక్కటీ అడగసాగింది. మామగారి గాయం నువ్వు కడుగుతావా? లేదు. ఆయన కంచంలో తింటావా? లేదు. అత్తగారి తువ్వాలు వాడతావా, ఆమె పక్కన పడుకుంటావా, ఆమెకి వేలు తెగితే కట్టు కట్టావా? లేదు, లేదు. ఆ రోగం ఏ దారిన వచ్చి ఈ పిల్లలో చేరిందో డాక్టరుకి అంతుపట్టలేదు. లేని దారిని ఆమె శ్రద్ధగా వెతుకుతోంది. కోడలు అత్త వంక చూసింది. అత్త నేల వంక చూసింది. రేపు ఇద్దరూ ఆసుపత్రికి రావాలి, అక్కడ వేరువేరు గదుల్లో ఉంచి తామే రక్తం తీస్తామని చెప్పి డాక్టరు లేచింది.

ఆమె వెళ్ళగానే మేస్త్రి తాళాలు బాగుచేసే బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. కాసేపటిదాకా ఆకురాయి చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది. వంటింట్లో అత్త, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతూ మెల్లగా మొదలుపెట్టింది. రేపు తీసేది ఎటూ నీ రక్తమే. అందులో ఏమీ ఉండదు. వచ్చి పోయిందనుకుంటారు. నువ్వు నోరు మెదపకుండా ఉంటే ఇంతటితో సరిపోతుంది. నోరు విప్పామా, మోసం చేశారని మీ మామని ఈ వైద్యంలోంచి తోసేస్తారు. మందులు ఆపేస్తే ఆ కిడ్నీ ఎన్నాళ్ళుంటుంది?

కోడలు విన్నది. ఇద్దరికి వచ్చిందనుకున్నన్నాళ్ళు రెండో ఆపరేషన్ జరగదని డాక్టరు చెప్పిన మాట ఆమె మనసులోంచి పోవడం లేదు. నిజం చెబితే ఒక్కరికే వచ్చినట్టు. ఒక్కరికైతే కంగారు లేదని డాక్టరే అంది.

“మరి కుర్చీ బాబాయిగారో, అత్తయ్యా?”

“ఆయన నా మొగుడు కాదు,” అంది అత్త. అన్నాక తన మాట తనకే వినిపించినట్టు, తడిచేతుల్తోనే మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. అవి గిన్నెలు కడిగిన నీళ్ళో, కన్నీళ్ళో కోడలికి తెలియలేదు.

మర్నాడు ఆసుపత్రిలో కోడల్ని ఉంచిన గదికి ఒక గోడంతా అద్దం. డాక్టరు తొడుగులు వేసుకుని సూది తీసింది. కోడలికి చెవుల్లో హోరు మొదలైంది. స్పృహ తప్పితే చెప్పవలసింది చెప్పలేననుకుని, మంచం అంచు రెండు చేతులతో పట్టుకుంది.

“ఇక్కడ మొదట్లో తీసింది తప్ప, నా పేరుతో వచ్చినవేవీ నావి కావు డాక్టరుగారూ,” అంది. “మా అత్తయ్యవి.”

డాక్టరు సూది పళ్ళెంలో పెట్టేసింది. తిట్టలేదు. మొదటి నుంచీ చెప్పించుకుని విని, బయటికి పోయి ఎవరెవరితోనో చాలాసేపు ఫోనులో మాట్లాడింది. ఇద్దరినీ అక్కడే ఉంచి, దాచి ఉంచిన ట్యూబుల్ని వెలికి తీసి, రెండు రోజుల్లో తేల్చారు. కోడలి పేరున్నవన్నీ అత్తవే. ఆమె చెప్పాక తీసిన కోడలి రక్తంలో ఏ జాడా లేదు. మళ్ళీ తీసిన అత్త రక్తంలో కూడా లేదు. ఆ వైరస్ చెప్పాపెట్టకుండా వచ్చి, అలాగే వెళ్ళిపోయింది.

“అంటే పాకలేదు కదండీ. ఇక బాబాయిగారి ఆపరేషన్ చేస్తారుగా?” అని అడిగింది కోడలు.

డాక్టరు ఆమె ఎదుట స్టూలు లాక్కుని కూర్చుంది.

“నలుగురి రక్తమూ ఆరు నెలలు చూడాలి. ఈ ఐదు నెలల్లో నీ రక్తాన్ని ఎవరూ చూడలేదమ్మా. నీ లెక్క ఇవాళ మొదలవుతుంది.”

“ఇవాళ బాగానే ఉందని తేలిందిగా. చాలదా?”

“నాకు చాలు. నిబంధనకి చాలదు.” డాక్టరు తన తొడుగులు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి ముద్ద చేసింది. “అది నేను పట్టుబట్టి రాయించిందే. ఒక్కసారి ఊరి మీద పడితే మళ్ళీ లోపలికి తోలలేం. అందుకని. ఇలాంటి రోజు వస్తుందని రాసేటప్పుడు అనుకోలేదు.”

కోడలు అద్దంలోంచి చూసింది. అవతలి గదిలో అత్త ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఇటే చూస్తూ కూర్చుని ఉంది. మాటలు వినపడకపోయినా ఆమెకి అర్థమైనట్టే ఉంది.

అత్త భయపడినట్టు మేస్త్రిని వైద్యంలోంచి తోసెయ్యలేదు. తోసెయ్యడానికి వీల్లేదని డాక్టరే చెప్పింది. ఆ కిడ్నీ ఆయన ఒంట్లో ఉన్నంతకాలం ఆయన్ని విడిచిపెట్టే హక్కు తమకి కూడా లేదంది. ఉద్యోగం పోయింది నర్సుకి. ఆమె అత్తకి ఫోను చేసి, “మిమ్మల్ని నమ్మానమ్మా,” అని మాత్రం అని పెట్టేసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని అత్త రోజంతా గొణుక్కుంది.

మేస్త్రి భార్యతో మాటలు మానేశాడు. ఊళ్ళో ఎవరి తలుపు బిగుసుకున్నా వెళ్ళి తీసి వచ్చే మనిషి, తన ఇంట్లో అదే బల్ల దగ్గర అదే తాళాన్ని విప్పి, బిగించి, విప్పి కూర్చునేవాడు. కుర్చీ బావకి ఎవరు చెప్పాలన్న మాట వచ్చినప్పుడు, ఎవరూ వద్దు నేనే చెబుతానన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. అవతల టీవీలో ఎవరో వంట గురించి చెబుతున్నారు.

“అత్తలు కోడళ్ళ నెత్తురు తాగుతారని విన్నాం గానీ బావా,” అన్నాడు కుర్చీ బావ చివరికి, “కోడలి కోసం నెత్తురు ఇచ్చిన అత్తని నేనెక్కడా చూళ్ళేదు. చెల్లెమ్మని ఏమీ అనకు.”

నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగకముందే ఎవరో ఫోను తీసుకుని పెట్టేశారు.

ఆ రాత్రి మేస్త్రి భార్యని మంచినీళ్ళు అడిగాడు. మాటలు కలిశాయి గానీ ఇంటికి పాత చప్పుడు తిరిగి రాలేదు.

కొత్త నర్సు వచ్చింది. ఎక్కువ మాట్లాడని మనిషి. కోడల్ని నడిగదిలో బల్ల ముందు కూర్చోబెట్టి, చేయి బల్ల మీద చాపించి, కళ్ళార్పకుండా చూస్తూ తీసేది. మొదటి నెల కోడలు స్పృహ తప్పింది. తేరుకున్నాక నర్సు మళ్ళీ గుచ్చింది. తర్వాతి నెల స్పృహ తప్పలేదు, వాంతి చేసుకుంది. ఆ పైన అదీ లేదు. ట్యూబులోకి నల్లగా పాకుతున్న తన రక్తాన్నే చూస్తూ కూర్చునేది. ఇది మొదట్లోనే ఎందుకు చెయ్యలేకపోయానని అనుకునేది. ఆ కాసేపూ అత్త వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

కుర్చీ బావ ఫోనులో హాస్యాలు తగ్గాయి. మెడ దగ్గర గొట్టం వేశారని ఒకసారి చెప్పాడు. తొడ దగ్గర వేశారని ఇంకోసారి చెప్పాడు. ఇంకెక్కడ వేస్తారో చోటు వెతుకుతున్నారని, ఖాళీ స్థలం కోసం తిరిగే బస్సు డ్రైవర్లా ఉంది డాక్టర్ల పని అని అన్నాడు. మేస్త్రి చూడటానికి వెళతానంటే డాక్టర్లు ఒప్పుకోలేదు. రోగులుండే వార్డులోకి ఆయన పోకూడదు, ఒంట్లో రోగాన్ని ఆపే శక్తిని మందులతో అణిచి ఉంచారు. అయినా ఒకరోజు కొడుకు వ్యానులో ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, వ్యాను దిగకుండా, మూడో అంతస్తు కిటికీల వంక చూసి తిరిగొచ్చాడు. తమ వార్డుది ఏ కిటికీయో ఆయన పోల్చుకోలేకపోయాడు. ఎప్పుడూ లోపలి నుంచి చూసిందే గానీ బయటినుంచి చూసింది లేదు.

కోడలి లెక్కలో నాలుగో నెల జరుగుతుండగా కుర్చీ బావ భార్య ఫోను చేసింది. ఆవిడ ఏడవలేదు. “మీ బావ ఇక కుర్చీ ఎక్కరన్నయ్యా,” అంది. మేస్త్రి మంచం మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కోడలు ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుని, తనెవరో చెప్పకుండా, చివరిదాకా విన్నది.

నెలనెలా నర్సు వచ్చింది, వెళ్ళింది. ఆరో నెల పరీక్ష ఫలితం వచ్చిన రోజున నిఘా డాక్టరే ఫోను చేసింది. నలుగురూ శుభ్రం. కమిటీ ఒప్పుకుంది, రెండో ఆపరేషన్ చేస్తారు.

“దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయి,” అంది అత్త, ఎవరితోనూ కాదు, పొయ్యి వైపు తిరిగి.

డాక్టరు ఇంకో సంగతి కూడా అడిగింది. రెండో రోగి ఒక కుట్టుపని చేసే ఆవిడ. చాలా భయపడుతోంది. ఒకసారి పెట్టించుకున్న మనిషితో మాట్లాడితే ధైర్యం వస్తుందంటోంది. మీరు మాట్లాడతారా? మేస్త్రి కాదంటాడనుకున్నారు అందరూ. ఆయన సరేనన్నాడు.

సాయంత్రం ఫోను మోగింది. మేస్త్రి బల్ల మీది తాళాన్ని పక్కకి జరిపి ఫోను ముందు పెట్టుకున్నాడు. అవతలి ఆవిడ మొహమాటంగా ఒక్కొక్కటే అడిగింది. నొప్పి ఎన్నాళ్ళుంటుందని, లోపల పంది ముక్క ఉందని తెలుస్తూ ఉంటుందా అని. మేస్త్రి అన్నిటికీ నెమ్మదిగా జవాబు చెప్పాడు. తెలియదమ్మా, నా ఒంట్లోదే అన్నట్టు ఉంటుంది అన్నాడు. ఆవిడ కాస్త తేలికపడింది. ఇంట్లో తనూ, కూతురూ, అల్లుడూ, ఒక చెల్లెలూ ఉంటామని, అందరూ సంతకాలు పెట్టేశారని, ఇక భయం లేదని చెప్పుకొచ్చింది.

అత్త వంటింటి గుమ్మంలో నిలబడింది. కోడలు కుర్చీలోంచి లేవబోయి ఆగింది.

“సంతకాలు సరేనమ్మా,” అన్నాడు మేస్త్రి. “మీ ఇంట్లో సూదికి భయపడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ముందు అది చెప్పు.”

అవతల ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. చెల్లెలికి కాస్త భయమేనంది, నవ్వుతూ.

మేస్త్రి తలెత్తి కోడలి వంక చూశాడు. ఫోను ఆమె చేతికిచ్చాడు.